పేరు లేని శోకం

సౌదీలోని అభా కొండల మీద పొగమంచు దిగిందంటే ఎదురింటి గోడ కూడా ఆనదు. అక్కడొక విల్లాలో ఎత్తోరే అనే ఇటలీ ముసలాయన ఉండేవాడు. వంటా, కాపలా, కుళాయి రిపేరూ అన్నీ జగిత్యాల జనార్దనే. ముసలాయన వాళ్ల దేశంలో పేరుమోసిన సంగీతకర్తట. వయసులో చర్చికి పాటలు కట్టి, తర్వాత వాన చినుకులకూ కిర్రుమనే తలుపులకూ స్వరాలు రాశాడు. పిచ్చి గాకపోతే ఏమిటి, అనుకునేవాడు జనార్దన్.

జనార్దన్ తల్లి చిన్నవ్వ, ఊళ్లో ఎవరు పోయినా రాగం తీసి ఏడ్చేది. ఆమే పోయిననాడు అప్పటి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దేశం దాటేందుకు ఎగ్జిట్ కాగితం ఇవ్వలేదు. కొడుకు పోలేకపోయాడు, కూలీల క్యాంపులో పదిమంది మధ్య ఏడవనూ లేదు. ఒకరోజు గిన్నెలు తోముతూ ఆ రాగమే అందుకున్నాడు. ముసలాయన పరుగున వచ్చి రికార్డర్ పెట్టాడు.

"మధ్యలో ఎందుకు ఆగావు?"

"అక్కడ సచ్చినోళ్ల పేరు పిలవాలె సార్. పేరు లేకుండ శోకం తియ్యద్దనేది మా అవ్వ. అది పేరు ఎతుక్కుంటదట."

"అయితే నాదే పెడదాం," అని నవ్వి, ఆ ఖాళీలో తన పేరే పాడాడు ముసలాయన.

"థూ థూ! గట్లనద్దు సార్!" జనార్దన్ చెంపలేసుకున్నాడు.

ఆ చలికాలం దాటనేలేదు. ముసలాయన పియానో ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల వాల్చేశాడు.

శవం ఇంకా మార్చురీలోనే ఉంది. మూడోనాడు జనార్దన్ తమ పద్ధతిలో గోడ మీద అన్నం ముద్ద పెట్టాడు. పిట్ట ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ల మనసు ఇంకా ఇక్కడే తిరుగుతున్నట్టు. కాకులు వచ్చి వరసగా వాలాయి. ఒక్కటీ ముట్టలేదు, అరవనూ లేదు. అన్నీ ఇంటి వైపే చూస్తున్నాయి.

లోపల, ఎవరూ లేని గదిలో, పియానో మీద చిన్నవ్వ రాగం మొదలైంది. పేరు దగ్గరికొచ్చి ఆగింది. మళ్లీ మొదలై మళ్లీ అక్కడే ఆగింది.

జనార్దన్ గేటు వైపు రెండడుగులు వేసి ఆగాడు. అయినా, పాపం, ఆ ముసలాయన కోసం ఏడ్చేందుకు ఇంకెవరున్నారు?

"ఓ ఎత్తోరే సారూ... నన్నొక్కన్ని జేసి వోతివా సారూ..." అని శోకం పెట్టాడు.

ఒక కాకి దిగి ముద్ద ఎత్తుకుపోయింది. హమ్మయ్య అనుకున్నాడు. కానీ మిగతావి కదల్లేదు. గోడ మీద ఇంకో ముద్ద ఉంది. తాను పెట్టింది ఒక్కటే కదా! లోపల రాగం మళ్లీ మొదలై, పేరు దగ్గర ఆగింది.

ఈసారి అది ఎవరి పేరు అడుగుతోందో జనార్దన్‌కు తెలుసు.

"అవ్వా! ఓ నా చిన్నవ్వా! ఆఖరికి నీ మొకం సుత సూడకపోతి గదనే..." అంటూ గోడ పట్టుకుని కూలబడ్డాడు.

కాకులన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. అవి లేచిపోయాక గోడ మీద మెతుకు కూడా లేదు. లోపల పియానో మూత మెల్లగా మూసుకున్న చప్పుడైంది.