సింహాచలమ్మ గారి సాంబ్రాణి

2017 వానాకాలంలో నన్ను కంచరపాలెం ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. పబ్లిక్ హెల్త్ నర్సు పోస్టు. డాక్టరుకు కింద, ఏఎన్‌ఎంలకు పైన. అంటే రెండు వైపులా మాటలు పడే మెట్టు. ఇళ్లల్లో మందులు సరిగ్గా వాడుతున్నారో లేదో వెళ్లి చూడటం కూడా మా పనే.

అలా నా వంతుకొచ్చింది ఎనిమిదేళ్ల లిఖిత. ఉబ్బసం. స్కూలు ఆటల పోటీల్లో పరుగెత్తాలని దాని పంతం. ఆయాసం అదుపులోకి వస్తేనే ఒప్పుకుంటానని మా డాక్టరు గారు ఖరాఖండిగా చెప్పేశారు. పిల్ల మాత్రం సోమవారం వచ్చేసరికి రొప్పుతూ మా బెంచీ మీద ప్రత్యక్షం.

తల్లి గౌరిని అడిగితే పాఠం అప్పజెప్పినట్టు చెప్పేది. గోధుమరంగు పంపు, అంటే ఇన్‌హేలర్, ఆయాసం రాకుండా రోజూ వాడేది, నీలం పంపు వచ్చినప్పుడు వాడేది. రెండూ స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టానికి తగిలించి పీల్పించాలి. గోధుమరంగుది వాడాక నోరు పుక్కిలించాలి. నూటికి నూరు మార్కులు! మరి ఈ సోమవారాల సంగతేమిటి? నాకు చిర్రెత్తుకొచ్చి, ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా వాళ్లింటికి బయలుదేరాను.

రైలు పట్టాల పక్క సందు మలుపులోనే సాంబ్రాణి వాసన ఎదురొచ్చింది. ఇంట్లో కుంపటి మీద గంప బోర్లించి, తలంటిన పిల్ల జుట్టు దాని మీద పరిచి, నాయనమ్మ సింహాచలమ్మ పొగ వేస్తోంది. పిల్ల ఛాతీలో పిల్లికూతలు.

“సూసినావా సిస్టరమ్మా, నెమ్ము ఎలా కదుల్తందో!” అని ఆవిడ ఇంకో చిటికెడు వేసింది.

కుంపటి పెరట్లోకి పంపి, పిల్లను గాలికి కూర్చోబెట్టి, నీలం పంపు పట్టించాను. గోధుమరంగు పంపు ఏదని అడిగితే గౌరి అత్తగారి వైపు చూసింది.

“బాగున్న పిల్లకి మందేటి? అలవాటైపోతే రేపు పెళ్లిపీటల మీద కూడా పీల్సుకోవాలేటి?” అంది సింహాచలమ్మ. పంపు ఆవిడ బియ్యం డబ్బాలో భద్రంగా ఉంది.

ఉపన్యాసం నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కింది ఉద్యోగికి శిక్షణ ఇచ్చి పై అధికారిని వదిలేస్తే ఏ పనీ కదలదని సర్కారు కొలువు నాకు నేర్పింది. ఆ ఇంటికి పై అధికారి సింహాచలమ్మ. అందుకే పిల్ల వీపుకు చెవి ఆనించి వినమన్నాను. మందు పనిచేసి కూతలు తగ్గుతున్నాయి. ఆవిడ మొహంలో గర్వం కాస్త తగ్గింది. వచ్చే ఆదివారం పొగ మానేసి, జుట్టు తువ్వాలుతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి మళ్లీ వినమన్నాను. రోజూ గోధుమరంగు పంపు పట్టించే డ్యూటీ కూడా ఆవిడకే వేశాను.

ఆ ఆదివారం దాటాక వెళ్తే సందు తీరే మారిపోయింది. పక్కింటాయన బీడీ పట్టుకుని వీధి చివర నిలబడి ఉన్నాడు. దోమల కాయిల్ చెత్తబుట్టలో ఉంది. నన్నయితే సింహాచలమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

“ఏటిది, పౌడరు ఏసుకొచ్చినావా? లోనికి రాకు. ఎల్లి మొకం కడుక్కుని రా, పిల్లకి పడదు.”

సర్వీసంతా ఇతరుల చేత చేతులు కడిగించిన దాన్ని, బుద్ధిగా పెరటి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. కోపం రాలేదు సరికదా, సంతోషం పట్టలేకపోయాను.

సోమవారం బెంచీ ఖాళీ అయింది. డాక్టరు గారు పిల్లను పరీక్షించి ఒప్పుకున్నారు. పోటీ రోజున, ఆయన చెప్పినట్టే, పరుగుకు ముందు నాయనమ్మే నీలం పంపు పట్టించింది. లిఖిత చివరి నుంచి రెండోది. “నాను ఆఖరు కాదు మామ్మా!” అని అరుస్తూ వచ్చింది. సింహాచలమ్మ దాన్ని ఒడిసిపట్టి, అందరూ చూస్తుండగా వీపుకు చెవి ఆనించింది.

“ఒక్క కూత లేదు!” అని మైదానమంతా వినబడేలా ప్రకటించింది. కప్పు కొట్టిన పిల్ల తల్లిదండ్రులు కూడా చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, జబ్బు ఎవరికని అడిగే ముందు, అక్కడ ఎవరి మాట చెల్లుతుందో కనుక్కునేదాన్ని. మందు వాడే పద్ధతి మొదట వాళ్లకే నేర్పేదాన్ని. పౌడరు మాత్రం మా ఇంట్లోనే వదిలి వెళ్లేదాన్ని.