లోయ దిగకుండా గీసిన పటం

సర్వే తాత పోయాడని మంగళవారం పొద్దున చర్చి మైకులో చెప్పారు. నేనప్పుడు క్వారీకి వ్యతిరేకంగా కరపత్రం రాస్తున్నాను. కలం పక్కన పెట్టి లేచాను.

మా వీధి చివరి ఇల్లు ఆయనది. వయసులో ఉన్నప్పుడు సర్వే జట్టుతో గండికోట పక్కన పెన్నా లోయంతా గొలుసు పట్టి కొలిచాడు. అడుగులు లెక్కపెట్టే అలవాటు చివరిదాకా పోలేదు. పాలకు పోతున్నప్పుడు పలకరిస్తే, ముందు అంకె పైకి చెప్పి, ఆ తర్వాతే "ఏమప్పా" అనేవాడు. వాగు పేరు రాయాలంటే ముగ్గురు గొర్రెలకాపరులను విడివిడిగా అడిగేవారట. ఇద్దరి మాట కలిస్తేనే పటం మీదికి ఎక్కేది.

ఈమధ్య లోయ అంచున క్వారీకి ఒక కంపెనీ లీజు అడిగింది. ఆ కింద మా గొర్రెలు నీళ్లు తాగే ఊట ఉంది. విచారణలో చూపించడానికి ఊరి తరఫున పటం నేనే గీస్తానన్నాను. ఫోనులో ఉపగ్రహ చిత్రం చూసి ఒక్క పూటలో గీసేశాను. తీసుకెళ్లి చూపిస్తే తాత కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఊట యాడుండాది?"

"ఈ నల్లగా ఉండే కాడ, తాతా."

"అది కొండనీడప్పా. ఊట ఇంకా కిందుండాది. ఫోన్లో దిగితే కాళ్లు నొయ్యవులే! రేపు రా, దిగి చూపిస్తా."

నాకు తిక్క రేగింది. చదివిన కరపత్రాలన్నీ నోట్లోకొచ్చాయి. "మీరు గీసిన పటాలు పట్టుకోనే గదా కంపెనీలోళ్లు వస్తాండేది! సర్కారు గొలుసు మోసినోనివి, నువ్వా నాకు చెప్పేది?"

వీధంతా విన్నది. ఆయన కోప్పడలేదు.

"మోసినా. నిజమే. కొలిచినోనికి భూమి దక్కదులేప్పా," అని వెళ్లిపోయాడు. ఆ రోజు అడుగులు లెక్కపెట్టలేదు.

విచారణకొచ్చిన అధికారి నేను గుర్తు పెట్టిన చోటికే వచ్చాడు. అక్కడ ఎండిన బండ. ఊట లేదని రాసుకున్నాడు. బతిమాలితే, సరైన పటం ఇవ్వడానికి నెల గడువిచ్చాడు. తాత ఇంటి దాకా మూడుసార్లు పోయాను. మొహం చెల్లక వెనక్కి వచ్చాను.

తాతకు మట్టి వేసి వచ్చాక, ఆయన భార్య, అవ్వ, నా చేతిలో ఒక కాగితం చుట్ట పెట్టింది.

"నీకియ్యమన్నాడు నాయనా. వద్దంటే వినల్యా. మోకాళ్ల నొప్పులతోనే రెండునాళ్లు లోయకు పోయొచ్చినాడు. అడుగుదాకా దిగల్యాకపోయినాడు."

విప్పాను. లోయ అంచు నుంచి ఒక్కో ఎత్తుకు ఒక్కో గీత, పెన్సిలుతో, సన్నగా, దగ్గరదగ్గరగా. ప్రతి మలుపూ ఉంది, ప్రతి చీలికా ఉంది. సగం లోతులో, కాలిబాట ఒక బండ మీదికి వచ్చేచోట, గీతలన్నీ ఆగిపోయాయి. అక్కడి నుంచి కింద పెన్నా దాకా, ఊట ఉండే చోటుతో సహా, అంతా తెల్లకాగితం.