తెల్లకార్డు ఇంట్లో పెట్టి

మా వదినకు డాక్టర్లంటే పడదు. పడదంటే మామూలుగా కాదు. జలుబుకు మాత్ర ఇచ్చినా దాన్ని తిప్పి తిప్పి చూసి, కొంగున ముడేసుకుని, ఇంటికొచ్చాక తులసి కుండీలో పారేసేది. వదినంటే మా ఆయన అక్క. నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో, మా ఇంటికి దగ్గర్లోనే ఉండేది. జాకెట్లు కుట్టేది.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. ముప్పై ఏళ్లు నిండకముందే, ఊళ్లో ఉన్నప్పుడు, కడుపునొప్పని పక్క టౌనుకు పోతే గర్భసంచి తీసేశారు. "ఉంచుకుంటే క్యాన్సర్ అయితది" అన్నారట. ఆ మాటకు ఎదురు మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది? మా అత్తగారు సరేనంది, వదిన భర్త సంతకం పెట్టాడు. అప్పటి నుంచి ఆమెకు నడుము నొప్పి, ఒంట్లో ఆవిర్లు. కుడుతూ కుడుతూ మధ్యలో లేచి, గోడకు వీపు ఆనించి కాసేపు నిలబడేది. మా సందులో పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లలో ఇంకా కొందరిది ఇదే కథ. అందుకే దవాఖానా మాట వస్తే చాలు, అందరి చెయ్యీ ముందు పొట్ట మీదికి పోయేది.

నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. ఒకరోజు బడిలో ఆడటీచర్లందరికీ ఉచితంగా క్యాన్సర్ పరీక్షలన్నారు. మా హెడ్‌మిస్ట్రెస్ దగ్గరుండి లైన్లో నిలబెట్టింది. ఏ బాధా లేనిదానికి పరీక్ష ఎందుకో అని గొణుక్కుంటూనే వెళ్లాను. గర్భసంచి మూతి దగ్గర చిన్న బ్రష్‌తో రుద్ది తీసి, గాజుపలక మీద పూసి పంపారు. ఇంతేనా అనుకుని మర్చిపోయాను కూడా.

కొన్నాళ్లకు ఆ పరీక్షలవాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "రిపోర్టులో కొంచెం తేడా ఉందమ్మా. పెద్దాసుపత్రికి రండి, ఇంకో పరీక్ష చెయ్యాలి." కొంచెం తేడా అంటే ఎంతో అడిగేలోపు ఫోన్ చేసినామె పెట్టేసింది. ఆ పూట బోర్డు మీద ఏం రాశానో నాకే తెలియదు.

మా ఆయనకు చెబితే "నీ ఇష్టం" అన్నాడు. కూర విషయంలో కూడా ఏనాడూ అనని మాట. ఒళ్లు మండింది. పక్కింటామె పొద్దున "ఏం లేకుంటే పిలుస్తరా?" అంది. అదే మనిషి సాయంత్రం "ఏం లేకున్నా పిలుస్తరు, గదే వాళ్ల ధందా" అంది. నాకు రెండూ నిజమే అనిపించాయి. పోతే కోస్తారని భయం, పోకపోతే లోపల ఏదో పెరుగుతుందని భయం. ముందు నుయ్యి వెనక గొయ్యి. మాకు అప్పటికి ఒక్కతే కూతురు. నాకు ఇంకో బిడ్డ కావాలని ఉండేది. ఆ సంగతి మాత్రం ఎవరితోనూ అనలేదు.

చివరికి వదినకు చెప్పాను. మిషన్ ఆపేసింది.

"పోకు" అంది.

"పోకపోతే ఈ ఫికర్‌తోనే సచ్చేటట్టున్న వదినా."

చాలాసేపు వేలికి దారం చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. "అయితే నేనొస్త. తెల్లకార్డు ఇంట్ల పెట్టి రా. కార్డు కనబడ్డదంటే కోస్తరు."

తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు అప్పుడు పెద్ద ఆపరేషన్లు ఉచితం, ఆ డబ్బు సర్కారే ఆసుపత్రికి కట్టేది. వేరే రోజైతే ఆమె మాటకు నవ్వేదాన్ని. ఆ రోజు కార్డును బియ్యం డబ్బా అడుగున దాచి మరీ బయల్దేరాను.

ఉప్పల్ రోడ్డంతా మెట్రో కోసం తవ్వి పెట్టారు. హబ్సిగూడ దాటేసరికి ఆటోలో ఇద్దరం దుమ్ము కొట్టుకుపోయాం. ఆసుపత్రిలో కాగితం మీద సంతకం అడిగితే వదిన నా చేత మొత్తం పైకి చదివించింది. మళ్లీ చదివించింది. నర్సు బయటికి పొమ్మంటే కదల్లేదు. "నేనీడనే ఉంట" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ చూసి, ఉండనివ్వమంది.

"గర్భసంచి తీసేస్తరా మేడం?" అని వదినే అడిగింది.

"తీసెయ్యడమేంటమ్మా? చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. చూడకుండా ఎవరైనా తీస్తారా?"

నా చేతి మీద వదిన పట్టు సడలింది. ఎందుకో ఆలోచించే స్థితిలో లేను. పళ్లు బిగబట్టుకుని పైకప్పు ఫ్యాన్ వైపు చూస్తూ పడుకున్నాను.

రిపోర్టు ఇస్తామన్న రోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. రాష్ట్రం రావాలని నాకూ ఉండేది, కానీ ఆ రోజు మాత్రం బంద్ పిలిచిన వాళ్లందరినీ మనసులో తిట్టుకున్నాను. అన్నం సయించలేదు. కూతురు ఏదో అడిగితే కసురుకుని, దగ్గరికి తీసుకుని ఏడ్చాను.

మర్నాడు వదినా నేనూ వెళ్లాం. డాక్టరమ్మ కాగితం చూసి, "భయపడాల్సిందేమీ లేదు. వాపు ఉంది. మందులు వాడండి, కొన్నాళ్లకు మళ్లీ వచ్చి చూపించుకోండి" అంది. పిల్లల సంగతి అడిగాను. అడ్డేమీ లేదంది. నేను కళ్లు తుడుచుకుంటూ లేచాను. వదిన లేవలేదు.

"మేడం, నాది తీసినప్పుడు గిట్ల ముక్క పరీక్ష సెయ్యలే. పొట్ట మీద వొత్తి సూసిన్రు, గంతే. అండ్ల నిజంగ ఏమన్న ఉండెనా?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. పాత కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగింది. లేవు.

"ఇప్పుడు చెప్పలేమమ్మా" అంది.

తిరిగొచ్చేటప్పుడు వదిన ఆటోలో బయటికే చూస్తూ కూర్చుంది. నా సంతోషం నాకే బరువైపోయింది. ఇన్నేళ్లూ ఆమెను డాక్టర్లంటే భయపడే మనిషి అనుకున్నాం. క్యాన్సర్ నుంచి ప్రాణం దక్కిందన్న ఆశ ఒకటి ఆమెకు మిగిలి ఉండేదని, నా వెంట వచ్చి అది కూడా పోగొట్టుకుందని అప్పుడు అర్థమైంది.

సందు మొదట్లో దిగేసరికి పక్కింటామె ఎదురొచ్చింది. "ఏమైంది, తీసేస్తమన్నరా?"

నేను నోరు తెరిచేలోపే వదిన చెప్పింది.

"లేదు. దీనికైతే సూసిన్రు."