ఫార్మాటర్‌ను నమ్మని సగిన్‌బెక్

సగిన్‌బెక్‌కున్న జబ్బు ఒక్కటే. ఎవరు రాసిన ప్రోగ్రామైనా సరే, తన చేత్తో ఓసారి సర్దితే గానీ ఆయనకు టీ గొంతు దిగదు. వరసలు సర్దడానికి ఫార్మాటర్ ఉంది, మీట నొక్కితే చాలు. ఆయన దాన్ని నమ్మడు. వేలు పెట్టి అక్షరాల మధ్య ఖాళీలు లెక్కపెడతాడు. బిష్కెక్‌లోని ఆ ఆఫీసులో అన్ని స్క్రీన్ల మీదా ఆయన వేలిముద్రలే.

“తన పెళ్ళిలో చుట్టాలను కూడా ఎత్తు ప్రకారం నిలబెట్టాడట!” అని నవ్వుకునేవాళ్ళు ఆఫీసులో.

“పక్కన నిలబడ్డ పెళ్ళికూతుర్ని కూడా రెండుసార్లు జరిపాడట!”

ఫార్మాటర్‌కూ మతి స్థిమితం లేదు. ఒకసారి నొక్కితే పొడుగు వరసను విరిచేది, మళ్ళీ నొక్కితే అతికించేది. పక్క బల్ల అమ్మాయి నుర్జాదా కంప్యూటర్లో చక్కగా ఉన్న ఫైలును, వరసలు కుదరలేదని తనిఖీ సర్వర్ తిప్పికొట్టేది.

నవ్వుకునే రోజులు కావవి. పని ఇచ్చే జర్మనీవాళ్ళు కాంట్రాక్టును సగానికి కోశారు. అప్పటికే మూడు బల్లలు ఖాళీ. తిరిగొచ్చిన ఫైళ్ళు ఎవరి పేరున ఎక్కువుంటే నెలాఖరుకు వాళ్ళను పంపేస్తామని, అప్పుడప్పుడు తనూ ప్రోగ్రాములు రాసే డైరెక్టర్ ఎర్మెక్ గోడకు కాగితం అంటించాడు. నుర్జాదా జీతం మీద ఇంట్లో ముగ్గురు బతుకుతున్నారు.

“అన్నా, నీకు దణ్ణం పెడతా. నా ఫైళ్ళు ముట్టుకోకు.”

“ముట్టుకోలేదమ్మా. రెండు ఖాళీలు జరిపానంతే.”

“మళ్ళీ తిప్పికొడితే?”

“కొట్టనీ. నిన్ను కాదుగా!”

నెలాఖరు జాబితాలో నుర్జాదా పేరు లేదు. తనవి పద్నాలుగు తిరిగొచ్చాయని ఆమెకు తెలుసు. జాబితాలో ఉన్నది ఒక్క సగిన్‌బెక్ పేరే: అరవై మూడు. ఫైలును చివర ముట్టుకున్నవాళ్ళ పేరే సర్వర్ రాసుకుంటుందని అప్పుడు తట్టిందామెకు.

“తెలిసే చేశావా అన్నా?”

“నిన్నయితే ఈ సాయంత్రమే పంపేస్తారు. నా వయసువాణ్ణి పంపాలంటే వారమైనా నసుగుతారు.”

ఎర్మెక్ నసగలేదు. జాబితా పట్టుకుని నేరుగా వచ్చాడు. “అరవై మూడేంటన్నా? బల్ల సర్దుకో.”

నుర్జాదా లేచి నిలబడింది. “అందులో పద్నాలుగు నావి.”

“ఇరవై రెండు నావి,” అన్నారెవరో కిటికీ దగ్గర్నుంచి. “ఇరవై అయిదు నావి,” అంది వెనక బల్ల.

ఎర్మెక్ వేళ్ళ మీద కూడుకున్నాడు. “అరవై ఒకటే వచ్చింది. ఆ రెండూ నీవన్నమాట.”

“నెలంతా మీవి సర్దడానికే సరిపోయింది, నేను రాసిందెక్కడ?” సగిన్‌బెక్ గొంతు తగ్గించాడు. “ఆ రెండూ నీవే నాయనా.”