మంచి గాలిలో మీటరు

ప్రపంచంలోని పొగనంతా మింగేస్తానని బయలుదేరిన మొనగాళ్లలో భిలాయి లక్ష్మీప్రసాద్ ఒకడు. పగలు కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు, మిగిలిన వేళ పీహెచ్‌డీ. రాగి రేకుకు తాను తయారుచేసిన పూత పూసి, ఉప్పు కలిపిన నీళ్లలో ముంచి, కార్బన్ డయాక్సైడ్ పంపి కరెంటు పెడితే ఆల్కహాల్ రావాలి. ఏడేళ్లుగా పూతలు మార్చాడు, ఉప్పులు మార్చాడు. ఫలితం మాత్రం సున్నా. "మా ఆయన కరెంటుతో నీళ్లు కాచుకుంటున్నారు" అని భార్య రోహిణి అంటే అందరికంటే ముందు తనే నవ్వేవాడు.

ఆ శుక్రవారం ఆల్కహాల్ వచ్చింది! మూడుసార్లు చేస్తే మూడుసార్లూ వచ్చింది. గైడు సుబ్రహ్మణ్యం గారు సోమవారం సదస్సులో చెప్పేస్తానన్నారు. లక్ష్మీప్రసాద్‌కు కాళ్లు నేల మీద నిలవలేదు. శాస్త్రవేత్తకు ఈ మీసం నప్పుతుందా అని అద్దంలో చూసుకున్నాడు కూడా.

ఆదివారం రిసాలి కాలనీలో ఉంటున్న తండ్రి అప్పలసూరి దగ్గరకు వెళ్లి గొప్పలు చెప్పుకున్నాడు. స్టీల్ ప్లాంటులో గ్యాస్ లీకైతే కూతపెట్టే మీటరు పట్టుకుని ముప్ఫయ్యేళ్లు తిరిగి రిటైరైన మనిషి ఆయన. అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆ గ్యాసు ఒగ్గీసి ఒకపాలి సూసావేట్రా?"

"గ్యాస్ లేకుండా ఆల్కహాల్ ఎలా వస్తుంది నాన్నా?"

"అదే మరి! మేం లైను కాడికెళ్లే ముందల మీటరు మంచి గాలిలో ఎట్టి సూసీవోళ్లం. అక్కడా కూసిందనుకో, మీటరే ఖరాబ్."

పదో తరగతి చదివిన తండ్రికి నా సైన్సు ఏం తెలుస్తుందిలే అనుకుంటూనే స్కూటర్ ల్యాబ్ వైపు తిప్పాడు. కార్బన్ డయాక్సైడ్ బదులు, కార్బనే లేని నైట్రోజన్ పంపాడు. ఆల్కహాల్ అంతే వచ్చింది. అప్పుడు బల్ల మీది స్పిరిట్ సీసా కనిపించింది. వారం నుంచి గాజు పాత్రను ఆ ఆల్కహాల్‌తోనే తుడుస్తున్నాడు.

తన స్పిరిట్‌ను తానే కనిపెట్టిన మహానుభావుడు! నవ్వొచ్చింది, వెంటనే రేపటి సదస్సు గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే రేపు చప్పట్లు ఖాయం. ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచనకే సిగ్గుపడ్డాడు గానీ, పావుగంట దాకా ఫోన్ మాత్రం తీయలేదు.

"రేపు చెప్పకండి సార్. నైట్రోజన్ పంపినా ఆల్కహాల్ వచ్చింది. అది పాత్ర తుడిచిన నా స్పిరిటే," అన్నాడు చివరికి.

గైడు తప్పు తన మీదే వేసుకున్నారు. "నైట్రోజన్‌తో చూడాలని నాకే తట్టలేదయ్యా. నీకెలా తట్టింది?"

ఏడేళ్లలో ఆయన నోట మెప్పు వినే మొదటి అవకాశం. నోరూరింది.

"నాకూ తట్టలేదు సార్. మా నాన్న అడిగారు."

"ఓహో, ప్లాంటులో పెద్ద ఆఫీసరన్నావు, ఆయనేనా?"

ఈసారి పావుగంట ఆగలేదు లక్ష్మీప్రసాద్.

"ఆయనే సార్. కానీ ఆఫీసరు కాదు. గ్యాస్ మీటరు పట్టుకుని తిరిగేవారు. మీకు అబద్ధం చెప్పాను."