జారిపోయిన టిక్కులు

సూర్యాపేటలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని మా బిడ్డ ఫోన్లలో కనిపించే పేజీలు తయారు చేస్తుంది. నేను మూడో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆమె రాసేది నాకు అర్థం కాదు. అయినా ఆ రోజు మాత్రం పక్కనే కూర్చోవలసి వచ్చింది.

కోదాడలో పెళ్లి భోజనాలు వండించే ఒకాయనకు ఆమె ఒక పేజీ చేసిచ్చింది. అందులో వంటకాల పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక గడి. గడి నొక్కితే టిక్కు పడుతుంది, అక్కరలేని పేరును వరసలోంచే తీసేయవచ్చు. మిర్యాలగూడ దాకా పెళ్లిళ్లవాళ్లు తమకేం కావాలో అందులోనే చెబుతున్నారు. అయితే మునగాలవాళ్లు పప్పుచారు కావాలంటే ఆయనకు బీరకాయ కూర అని చేరింది. ఆ పొద్దున ఆయన ఫోన్ చేసి, సాయంత్రం వస్తాను, అప్పటికి బాగుపడకపోతే పని హైదరాబాద్ వాళ్లకు ఇస్తాను అన్నాడు. మా బిడ్డ సొంతంగా పట్టుకున్న మొదటి పని అది.

పొద్దుటి నుంచి నొక్కుతూనే ఉంది. అన్నీ సరిగ్గానే వస్తున్నాయి. కళ్లు ఎర్రబడ్డాయి, చాయ్ చల్లారిపోయింది.

"అమ్మా, నువ్వు పెండ్లోళ్ల లెక్క జర నొక్కవా? నాకు ఇగ తలకాయ పనిచేస్తలేదు."

"పెండ్లోళ్లల్ల ముసలోళ్లు గూడ ఉంటరు బిడ్డా. వాళ్లు ఊకుంటరా?"

మా వైపు వంటల మాట వస్తే ముందు పడుచువాళ్లు అన్నీ కావాలంటారు. తరువాత పెద్దవాళ్లు కూర్చుని ఒక్కొక్కటి తీయిస్తారు. నేనూ అట్లాగే చేశాను. పప్పుచారుకు టిక్కు పెట్టి, మా అత్తగారి గొంతుతో, "గుత్తొంకాయెందుకే, దురదలొస్తయ్, తీసెయ్" అని దానికి పైనున్న గుత్తివంకాయను వరసలోంచి తీసేశాను. కిందివన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. టిక్కు మాత్రం జరగలేదు. పప్పుచారు ఖాళీగా ఉంది, దాని చోటికి వచ్చిన బీరకాయకు టిక్కు ఉంది.

నా బిడ్డ నుదురు పట్టుకుంది. "పేరుతోని దాచలేదమ్మా, వరస నంబరుతోని దాచిన. రెండోదానికి టిక్కు అని రాసిన. పైది పోతే మూడోది వచ్చి రెండోదైంది. నేనెన్నడూ తీసి సూడలే."

ఒక్కో వంటకానికి విడిగా ఒక గుర్తు ఇచ్చి, టిక్కును ఆ గుర్తుకే కట్టడానికి ఆమెకు మధ్యాహ్నమంతా పట్టింది. అన్నం ముట్టలేదు.

సాయంత్రం ఆయన వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఈసారన్నా నా పరువు నిలబడుద్దా అమ్మాయ్? మునగాలవాళ్లు పప్పుచారేదయ్యా అంటే బీరకాయ చూపించాను."

"సూపించి ఏమన్నవన్నా?" అని అడిగింది నా బిడ్డ.

"ఒంటికి చలవ అన్నాను. కొట్టలేదు, అంతే."

ఆయనే నొక్కాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. టిక్కులు కదలలేదు. "సరే, పని నీ దగ్గరే ఉండనీ. రేపటికి టిఫిన్లు కూడా ఎక్కించు" అని లేచాడు.

ఆమె చాప మీద వాలిపోయింది.

"పని దక్కింది గద బిడ్డా, లేసి ఇంత తిను."

"దక్కింది గాబట్టే అమ్మా, రేపు మళ్ల కూసోవాలె. జరసేపు పండనీ."