తోడి మధ్యలో ఒక ఆడగొంతు

వరహాలు అబద్ధాలకోరు కాడు. వైర్ రాడ్ మిల్లులో షిఫ్టులు చేసే మనిషికి నిద్రకే తీరికుండదు, అబద్ధాలకెక్కడిది? ఆడినది ఒక్కటే. అయితే ఆ ఒక్కదాన్నే ఏళ్ల తరబడి మేపి, ఏనుగంత చేశాడు.

తగరపువలస దాటాక లోపలికి వెళ్తే వాళ్ల ఊరు. ఇంట్లో చోళ్ల పంట, వేరుశనగ పంట తప్ప రాగాల మాటెత్తినవాళ్లు లేరు. స్టీల్ ప్లాంటులో ఉద్యోగమొచ్చి కూర్మన్నపాలెంలో కాపురం పెట్టాక, పక్కింటి రేడియోలోంచి పొద్దున్నే వచ్చే సంగీతం మొదటిసారి చెవిన పడింది. "ఈ ఏడుపేటి తెల్లారకుండానే" అని విసుక్కున్నాడు. కొన్నాళ్లకు పక్కింటివాళ్లు ఇల్లు మారిపోయారు. మర్నాడు పెరట్లో పళ్లు తోముకుంటుంటే చెయ్యి ఆడలేదు. ఏదో లోటు. ఆ ఆదివారమే గాజువాక వెళ్లి రేడియో కొనుక్కొచ్చాడు.

"పళ్లు తోముకోడానికి రేడియో కొన్నోణ్ణి నిన్నే సూసినాను" అంది భార్య గురువమ్మ.

అలా అంటుకున్న పిచ్చి రిటైరయ్యేనాటికి ముదిరింది. ఫిజిక్సు లెక్చరర్‌గా చేసి రిటైరైన శ్రీరామ్మూర్తి మాస్టారి మేడగదిలో ప్రతి ఆదివారం ఉదయం నలుగురు శ్రోతలు చేరేవారు. తలా ఒక రికార్డింగు తేవాలి. అందరూ నోరు మూసుకుని వినాలి. అయ్యాక కొట్టుకోవాలి. మాస్టారిది ఆలాపన పక్షం. ఆటోనగర్‌లో లేతు మిషన్ల షాపు నడిపే తాతబాబుకు మృదంగం తప్ప మిగతాదంతా, ఆయన మాటల్లోనే, ఇంజను స్టార్టవ్వకముందు చేసే చప్పుడు. పోర్టు ఆఫీసులో పనిచేసే అనూరాధ ఎక్కడెక్కడి పాత కచేరీలనో నెట్‌లోంచి పట్టుకొచ్చేది. బస్సులో వెళ్తూ స్పీడు పెంచుకుని వింటానని ఆ పిల్ల ఒకసారి నోరు జారితే, మాస్టారు రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు.

నాలుగోవాడు వరహాలు. ఆ గదిలో అందరికంటే తక్కువ తెలిసినవాడు తనేనని అతని దిగులు. ఆ దిగులే కొంప ముంచింది. కొత్తగా చేరిన రోజుల్లో మాస్టారు ఒక కచేరీ ప్రస్తావన తెచ్చారు. టౌన్‌షిప్పు హాల్లో ఎప్పుడో జరిగిన వీణ కచేరీ. ఆ రోజు మాస్టారికి కళ్లకలకట. టేపురికార్డరు పక్కింటాయన చేతికిచ్చి పంపించి, తాను ఇంట్లో కళ్లల్లో చుక్కలు వేసుకుంటూ కూర్చున్నారట.

"నానున్నాను మాస్టారూ ఆ కచేరీలో" అన్నాడు వరహాలు, ఛాతీ పొంగిపోతూ. "తోడి రాగం మొత్తం ఇన్నాను."

మాస్టారు లేచి వచ్చి అతన్ని కావిలించుకున్నారు. "అదృష్టవంతుడివయ్యా!" అని బీరువాలోంచి ఆ క్యాసెట్టే తీసి పెట్టారు.

వీణ నెమ్మదిగా కిందికి, ఇంకా కిందికి దిగింది. ఆ అడుగున, వీణకంటే లోతుగా, గంభీరంగా ఒక ధ్వని మొదలైంది. గుర్ర్... ర్ర్... ఆగి మళ్లీ గుర్ర్...

"విన్నారా?" అన్నారు మాస్టారు కళ్లు మూసుకుని. "అనుమంద్రం! అది తీగ కాదు, ఓంకారం!"

వరహాలు గుర్తుపట్టాడు. అది తన గురక.

నైట్ షిఫ్టు దిగి తిన్నగా ఆ హాలుకు వెళ్లినవాడు మరేం చేస్తాడు? కుర్చీ మెత్తగా ఉంది, నెత్తిన ఫ్యాను తిరుగుతోంది, పక్క కుర్చీలో ఎవరిదో టేపురికార్డరు ఉంది. అంతవరకే అతనికి గుర్తు. అతను తేరుకునేలోపే టేపులో ఒక ఆడగొంతు ఖణేల్‌మంది: "ఓయ్, లెగు! నలుగురూ సూత్తన్నారు!"

అప్పటికే మొదలైన జనం హోరు ఆ వెంటే రెట్టింపైంది.

"చూశారా ఆ మహాతల్లి!" మాస్టారు పళ్లు కొరికారు. "ఇంత తపస్సులో ఎవరినో లేపుతోంది! జనం ఆహా ఓహో అంటున్నారంటే ఆ విద్వాంసుడి గొప్పదనం, ఈవిడ చలవ కాదు."

"బుద్ధి లేని మనిషి మాస్టారూ" అన్నాడు వరహాలు. కట్టుకున్న పెళ్లాం గొంతు అతనికి తెలియకపోవడమేమిటి!

నిజం చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. ఆపైన ప్రతి ఏడూ ఆ తోడి పెట్టడం, ఆ ఆడగొంతును నలుగురూ తిట్టడం, అందరికంటే గట్టిగా వరహాలు తిట్టడం ఒక ఆచారమైపోయింది. "ఆ అనుమంద్రం ఎదురుగా వింటే ఎలా ఉండిందయ్యా?" అని మాస్టారు అడిగితే, "మాటల్లో సెప్పలేం" అనేవాడు. అందులో మాత్రం అబద్ధం లేదు. మాస్టారు ఆ ఓంకారం మీద పెద్ద వ్యాసం రాసి ఆన్‌లైన్ శ్రోతల గ్రూపులో పెట్టారు. ఎక్కడెక్కడివాళ్లో దణ్ణాలు పెట్టారు. ఒకాయనకు వింటుంటే కన్నీళ్లాగలేదట. తన గురకకు ఎవరో ఏడ్చారన్న సంగతి వరహాలు ఎవరితో పంచుకోగలడు?

అందుకే గురువమ్మను ఆ మేడగది దరిదాపులకు రానిచ్చేవాడు కాడు. "నీకు బోరు కొడతాదే" అనేవాడు.

మొన్న వేసవిలో మాస్టారింటికి రంగులు వేస్తున్నారు. "ఈ ఆదివారం వరహాలింట్లో పెడదాం" అన్నాడు తాతబాబు. కాదనడానికి సాకు దొరకలేదు. వరహాలు ఇంటికి రాగానే పెళ్లాం మీద ఎక్కడలేని ప్రేమ కురిపించాడు.

"తగరపలస ఎల్లి మీ సెల్లెల్ని సూసి రాకూడదేటే? ఎన్నాళ్లయిందో."

"అది మొన్ననే వచ్చి ఎల్లింది కాదేటి. నలుగురు ఇంటికొత్తంటే టీ ఎవులు పెడతారు? నీ వీణా?"

ఆదివారం అందరూ వచ్చారు. వంటింట్లో ఉల్లిపాయ పకోడీలు వేగుతున్నాయి. అనూరాధ ఫోనుకు స్పీకరు తగిలించి, "తోడిని కొత్తగా డిజిటల్ చేయించాను మాస్టారూ. ప్రతి చిన్న శబ్దం ఎంత స్పష్టంగా ఉందో చూడండి" అంది.

"ఇయ్యాల మోహన ఇందాం" అన్నాడు వరహాలు కంగారుగా. "ఎండలకి తోడి పడదు."

"రాగానికి ఎండేంటి బావా, అదేమన్నా పాల పేకెట్టా?" అని తాతబాబే మీట నొక్కాడు.

నిజంగానే స్పష్టంగా ఉంది. గురక మొదలవగానే గోడమీది క్యాలెండరు కదిలినంత పనైంది. మాస్టారు కళ్లు మూసుకున్నారు. పకోడీల పళ్లెంతో వస్తున్న గురువమ్మ గుమ్మంలో ఆగింది. మొగుడి వంక చూసింది. మెలకువగానే ఉన్నాడు. స్పీకరు వంక చూసింది.

"ఓయ్, లెగు! నలుగురూ సూత్తన్నారు!" అంది స్పీకరు.

"ఓలమ్మో, నానే!" అంది గురువమ్మ. "ఏటయ్యా, నీ గురకని కూడా రికార్డు సేసినారా?"

"ఎవరి గురక?" అన్నారు మాస్టారు కళ్లు తెరిచి.

"ఈయనదే మాస్టారండీ! నైట్ డ్యూటీ దిగి ఇంటికి రాకుండా పాటకచేరీకి పోనాడని తెలిసి ఎతుక్కుంటా ఎల్లినాను. ముందు వరసలకి కూడా ఇనిపిత్తంది. ఆ వీణాయన ఎంత మంచోడండీ బాబూ! కోపం రాలేదు. ఈయన ఒకసారి గుర్రుమంటే ఆయన తీగ మీద ఒకసారి గుర్రుమనిపించాడు. మళ్లీ ఈయన, మళ్లీ ఆయన. హాలంతా ఒకటే నవ్వులు. సిగ్గుతో సచ్చిపోయి నాను లేపీసినాను."

తాతబాబు పకోడీ గొంతుకడ్డం పడి దగ్గుతున్నాడో, నవ్వుతున్నాడో తెలియలేదు. అనూరాధ కొంగు నోట్లో కుక్కుకుంది. మాస్టారు లేచి, చెప్పులేసుకుని, టీ తాగకుండా వెళ్లిపోయారు.

వరహాలుకు తిండి సహించలేదు. "మాస్టారి పరువు తీసీసినావే" అని భార్యను కసిరాడు.

"నాను తీసినానా? ఇన్నాళ్లూ నన్ను తిట్టినారంట కదా, తాతబాబు సెప్పీసినాడు. నువ్వు కూడానంట!"

ఆ వారమంతా గురువమ్మ చారులో ఉప్పు వెయ్యలేదు. అతను కిమ్మనకుండా తాగాడు.

పై ఆదివారం వరహాలు మేడగదికి వెళ్లలేదు. మర్నాడు పొద్దున్నే మాస్టారే గుమ్మంలోకి వచ్చారు. నిద్ర లేని కళ్లు మళ్లీ కళ్లకలక వచ్చినట్టున్నాయి. వరహాలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పయిపోనాది మాస్టారూ."

"నువ్వుండవయ్యా" అని అతన్ని తప్పించుకుని మాస్టారు వంటింటివైపు కేకేశారు. "గురువమ్మగారూ, ఆయన గురకను తీగ మీద పలికించాడన్నారే, అది రెండోసారా, మూడోసారా? నేను వంద సార్లు విన్నాను. నవ్వుల్ని ఆహాకారాలనుకున్న గాడిదను నేను. మీరు పక్కన కూర్చుని చెప్తే మళ్లీ వింటాను."

ఇద్దరూ కూర్చుని విన్నారు. విద్వాంసుడు ఎక్కడ తలెత్తి చూశాడో, ఎక్కడ మృదంగం వాయించేవాడు వేళ్లు ఆపి నవ్వాడో గురువమ్మ చెప్తుంటే మాస్టారు చిన్నపిల్లాడిలా తొడ చరుచుకున్నారు. వరహాలు గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. ఆడగొంతు ఎప్పుడొస్తుందోనన్న భయం లేకుండా ఆ తోడి వినడం అతనికి అదే మొదటిసారి. బాగుంది. ఇంత బాగుంటుందని ఇన్నాళ్లూ తెలియలేదు. ఆ రోజు నిద్రపోయినందుకు ఇప్పుడు ఏడుపొచ్చింది.

మాస్టారు గ్రూపులో పాత వ్యాసం తీసేసి, జరిగింది జరిగినట్టు రాశారు. పెద్ద గొడవైంది. కన్నీళ్లు పెట్టుకున్నాయన గ్రూపులోంచే వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు మాత్రం గురకపెట్టినాయన ఆరోగ్యం అడిగారు.

ఇప్పుడు ఆదివారాలు గురువమ్మ కూడా మేడగదికి వెళ్తోంది. నోరు మూసుకుని వినాలన్న నిబంధన ఆవిడకు ఎక్కలేదు. కిందటి వారం మాస్టారు ఎంతో అపురూపంగా తెచ్చిన ఆలాపన సగంలో ఉండగానే, "ఈయనకి పాట గుర్తు రాటం లేదేటి పాపం, ఎతుక్కుంటన్నాడు" అంది. మాస్టారు మొహం గంటు పెట్టుకున్నారు. తాతబాబు ఆవిడ పక్షం చేరాడు. వరహాలు ఎవరి పక్షమూ చేరకుండా, వాల్యూము పెంచాడు.